కుక్కను వెంటబెట్టుకుని పాత కోటలు, తోటలు చూసి రావడం ఎలా?

మల్లికి కోట లోపలి భాగం అక్కర్లేదు. ఈ సంగతి నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

మల్లి మా ఇంట్లో పెరిగిన నాటు కుక్క. గోధుమరంగు, ఎడమ చెవి కాస్త వాలి ఉంటుంది. మొదట్లో ఎక్కడికి వెళ్ళినా దాన్ని లోపలిదాకా తీసుకెళ్ళాలని నా పట్టుదల. గేటు దగ్గర కాదంటే బాధ, సరేనంటే లోపల జనం ఏమంటారోనని టెన్షన్. ఒకరోజు తెల్లవారుజామున విజయనగరం కోట గోడ బయట, అడుగున గడ్డి మొలిచిన ఒక రాయి దగ్గర అది ఆగిపోయింది. ముక్కు రాతికి ఆనించి, చెవులు వెనక్కి వాల్చి, తోక కదపకుండా రెండు మూడు నిమిషాలు నిలబడింది. ముక్కు రంధ్రాలు మాత్రం ఆగకుండా అదురుతున్నాయి. రాత్రి అటుగా ఏ ముంగిస నడిచిందో, ఏ పిల్లి ఒరుసుకుని పోయిందో దానికి తెలుస్తోంది. తాడు లాగబోయి ఆగాను. అది చూడాల్సింది అక్కడే ఉంది, చూస్తోంది.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. గోడల వెంట, చెట్ల కింద, గట్ల మీద మల్లితో నడుస్తాం. లోపల చూడాల్సినవి ఉంటే ఒకరం బయట దానితో కూర్చుంటాం, ఇంకొకరం చూసి వస్తాం. ఈ పద్ధతి వల్ల మల్లికీ సుఖం, ఆ చోటుకీ మంచిది. వారం ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్ల నుంచి ఇంటికొచ్చాక చూసుకోవాల్సిన పిడుదుల దాకా వరసగా చెబుతాను.

ఎక్కడికి వెళ్ళొచ్చు, ఎక్కడికి వద్దు

మొదటి మెట్టు చోటు ఎంచుకోవడం. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత చోట్లు ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతిలో ఉన్నాయి, ఎవరి నియమం వాళ్ళది.

కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నవాటి సంగతి తేలిక. కుక్కను తీసుకెళ్ళకూడదు, అంతే. 1958 నాటి చట్టం కింద 1959లో చేసిన నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. రక్షిత కట్టడం హద్దుల్లోకి, నిర్వహణ పనికి తప్ప ఏ జంతువునూ తేకూడదు. వంశధార ఒడ్డున కొండమీద ఉన్న శాలిహుండం ఈ కోవలోకే వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో గుర్తించిన బౌద్ధ క్షేత్రం అది. అక్కడి ఇటుక స్తూపాల మీద కుక్క గోళ్ళు పడితే ఏమవుతుందో ఒక్కసారి దగ్గరగా చూస్తే మీకే తెలుస్తుంది. అందుకని అక్కడి వాచ్‌మన్‌ను బతిమాలి ఇబ్బంది పెట్టొద్దు.

విజయనగరం కోట కథ వేరు. 1713లో విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం నాడు దీనికి పునాది వేశారని చెప్పుకుంటారు. లోపల ఇప్పుడు మాన్సాస్ విద్యాసంస్థలు నడుస్తున్నాయి. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజుగారు 1958లో స్థాపించిన ట్రస్టు అది. పిల్లలు చదువుకునే చోటికి కుక్కను తీసుకెళ్ళడం పద్ధతి కాదు. కోరుకొండ ప్యాలెస్ కూడా అంతే, 1962 నుంచి అది సైనిక్ స్కూల్. ఈ రెండింటినీ బయటి నుంచే చూడాలి.

గుళ్ళూ, గుడి కోనేళ్ళూ లెక్కలోంచి తీసేయండి. విజయనగరంలోని పెద్ద చెరువు గట్టు మీద నడవచ్చు కానీ నీళ్ళలోకి దించొద్దు. ఊరి గ్రామదేవత పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికింది ఆ చెరువులోనే. ఊరికి అది ఉత్త చెరువు కాదు.

శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురానికి శీతాకాలంలో కుక్కతో అసలు వెళ్ళొద్దు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఎంతో దూరం నుంచి వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఒక్క మొరుగుడుకు గుంపంతా లేచిపోతే, ఆ కాసేపట్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి.

మరి మిగిలినవి ఏమిటంటే, చాలానే ఉన్నాయి. కోట గోడల బయటి దారులు, చెరువు గట్లు, కుక్కల్ని రానిచ్చే మున్సిపల్ పార్కులు, పాత జమీందారీ మామిడితోటలు, తీరం వెంట సరుగుడు తోటలు. తోటలు సొంతదార్లవి కాబట్టి కాపరి మాట కావాలి. విజయనగరంలో ఫూల్‌బాగ్ అన్న పేరుకు అర్థమే పూలతోట. ఇలాంటి పేర్లు ఊరంతా వెతికితే పాత తోటలు ఎక్కడుండేవో తెలుస్తుంది. మల్లితో నడిచే దారుల్లో కొన్ని నాకు అలా దొరికినవే.

ముందు ఒక్కరే వెళ్ళి రండి

ఈ గైడులో ఒక్క మెట్టే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. కుక్కను గేటు దగ్గర పక్కన నిలబెట్టుకుని అనుమతి అడిగితే కాపరి ఇరకాటంలో పడతాడు. కాదంటే మీ మొహం చూడలేడు, అవునంటే పైవాళ్ళు తిడతారని భయం. కుక్క లేకుండా ఒక రోజు ముందే వెళ్ళి అడిగితే నిదానంగా ఆలోచించి చెబుతాడు.

ఒక తోటలో నేను అలాగే అడిగాను. కాపరి తాత తలపాగా సర్దుకుంటూ, "కరుస్తాదేటమ్మా?" అన్నాడు.

"కరవదు తాతా, తాడు వదల్ను."

"కోళ్ళున్నాయి, సూసుకో మరి. మాగిన కాయలు ఏరకండి. పొద్దున్నే రండి, ఎండెక్కితే ఉండకండి."

నాకు కావాల్సిన నియమాలన్నీ ఆ రెండు ముక్కల్లో వచ్చేశాయి. మర్నాడు వెళ్ళేసరికి కోళ్ళను ఆయనే గంప కింద మూసి ఉంచాడు.

ఒంటరిగా వెళ్ళినప్పుడు ఇవి చూసుకోండి. వీధికుక్కల గుంపులు ఎక్కడ పడుకుంటున్నాయి? టీకొట్టు దగ్గరా, మాంసం దుకాణం దగ్గరా, చెత్తకుండీ దగ్గరా? నీడ ఎంతదాకా ఉంది? మంచినీళ్ళ కుళాయి ఉందా? కోతులు తిరుగుతున్నాయా? పాత మర్రికీ, రావికీ తేనెపట్లు వేలాడుతున్నాయా? తోటకు ఇంకో దారి ఉందా? ఏదైనా ఎదురైతే తప్పుకుని పోవడానికి రెండో దారి ఉండాలి. తుపాను వెళ్ళిన నెలరోజులూ పెద్ద చెట్ల కిందకు వెళ్ళకుండా ఉంటేనే మేలు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మన దగ్గర ఎన్ని చెట్లు కూల్చాయో అందరికీ గుర్తే. కూలినవి కంటికి కనబడతాయి, సగం విరిగి పైన వేలాడే కొమ్మలు కనబడవు.

వారం ముందు: టీకాలు, మందులు, తాడు అలవాటు

రేబిస్ టీకా ఏటా వేయించాలి. పిల్లకు మూడు నెలల వయసులో మొదలుపెడతారు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్, పార్వో జబ్బుల టీకాలు ఇంకా ముందే మొదలవుతాయి. పిల్ల టీకాలన్నీ పూర్తయ్యేదాకా నలుగురి కుక్కలూ తిరిగే చోటికి తీసుకెళ్ళొద్దు. చెరువు గట్ల మీద నడిచే అలవాటుంటే లెప్టోస్పైరోసిస్ టీకా గురించి పశువైద్యుణ్ణి తప్పక అడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ ద్వారా వచ్చే జబ్బు అది, మనుషులకూ అంటుకుంటుంది. కడుపులో పురుగులకు మూడు నెలలకోసారి మందు, పిడుదులకు డాక్టర్ చెప్పిన మందు ఉండాలి. టీకా కార్డు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. కాపరో, పార్కు మనిషో అడిగితే అది చూపిస్తే సగం భయం పోతుంది.

తాడు విషయంలో నా అభిప్రాయం గట్టిది. లాగితే సాగి, వదిలితే చుట్టుకునే తాళ్ళు ఇలాంటి చోట్లకు వద్దు. గుండె చుట్టూ కట్టే హార్నెస్‌కు రెండు మీటర్ల గట్టి నైలాన్ తాడు చాలు. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాసిన బిళ్ళ ఉండాలి. ఎంత మాట వినే కుక్కయినా తాడు వదలొద్దు. మన కుక్క మంచిదని మనకు తెలుసు, ఎదురొచ్చే ముసలాయనకు తెలియదు కదా.

ఇంట్లో రోజూ కాసేపు రెండు మాటలు నేర్పండి. "ఆగు" అంటే ఆగాలి. "వదిలెయ్" అంటే నోట్లో ఉన్నది వదలాలి. రెండోది ప్రాణం కాపాడే మాట. ఎందుకో కింద చెబుతాను.

వేళ, ఎండ

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడైనా ఉదయం ఆరుకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించేయండి. మనది తీరప్రాంతం. ఇక్కడ ఎండకన్నా ఉక్కే కుక్కను ఎక్కువ దెబ్బతీస్తుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చి ఒంట్లో వేడి దింపుకుంటుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ వగర్పు పనిచేయదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది మరీ కష్టం. వేసవిలో వాటిని ఇంటి దగ్గరే ఉంచండి.

రాళ్ళు పరిచిన నేల గానీ తారు రోడ్డు గానీ వస్తే, అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. ఒక ఏప్రిల్లో నేను ఇది చూడకుండా ఒక పాత ప్రాంగణం రాతి మెట్ల మీదుగా మల్లిని నడిపించాను. ఇంటికొచ్చాక అది కుడి ముందుకాలు నాకుతూ కూర్చుంది. తిప్పి చూస్తే మెత్తటి నల్లటి పాదం మీద పొర లేచి, కింద గులాబి రంగు కనబడుతోంది. పదిరోజులు కుంటింది. అది ఒక్కసారి కూడా ఆగి మొరాయించలేదు, నేను నడుస్తున్నానని నడిచింది. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఆగని వగర్పు, చిక్కటి చొంగ, చిగుళ్ళు మరీ ఎర్రబడటం, తూలడం కనిపిస్తే వడదెబ్బ అనుకోండి. వెంటనే నీడకు చేర్చి పొట్టకూ, తొడల సందుల్లోకీ, పాదాలకూ మామూలు నీళ్ళు పోస్తూ విసరండి. ఐసు వద్దు. ఆ తడితోనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పండగలు కూడా చూసుకోండి. విజయదశమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ ముందూ వెనకా కోట, మూడు లాంతర్ల కూడలి పరిసరాలు జనసముద్రం. దీపావళి వారం బాణసంచా. ఆ రోజుల్లో కుక్కకు ఇల్లే పదిలం.

సంచిలో ఏముండాలి

రెండు లీటర్ల నీళ్ళు, ఒక గిన్నె, పాత తువ్వాలు, నాలుగైదు పాత క్యారీ బ్యాగులు, చిన్న పటకారు, దూది, గొడుగు. గొడుగు వాన కోసమే కాదు. తినడానికి ఉడికించిన కోడిగుడ్డో, చికెన్ ముక్కలో చాలు. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లిపాయ వేసిన వంటల లాంటివి మీరూ అక్కడ తినకండి. కింద పడితే అది నోట్లో వేసుకుంటుంది.

ఇక నడక

దిగిన వెంటనే నడక మొదలుపెట్టకండి. ఆటోలోనో కారులోనో వచ్చిన కుక్క మనసు స్థిరపడటానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఒక చెట్టు కింద నిలబడి చుట్టూ వాసన చూడనివ్వండి, అక్కడే ఒంటికి వెళ్ళనివ్వండి. అప్పుడు గోడ దగ్గరకు చేరేసరికి కాలెత్తాలన్న తొందర ఉండదు.

పాత గోడ మీద కాలెత్తనివ్వకపోవడం చాలా ముఖ్యం. ఇవి సున్నం, గచ్చుతో కట్టినవి. మూత్రంలో ఉన్న ఉప్పు సందుల్లోకి ఇంకి, ఎండినప్పుడు లోపలే స్ఫటికాలు కట్టి గచ్చును పొరలు పొరలుగా రాలగొడుతుంది. ఒక్క కుక్కతో కొంప మునగదు. కానీ ఒక కుక్క తడిపిన చోటే మరో పది కుక్కలు తడుపుతాయి. అందుకని గోడకు ఒక బారెడు దూరంగా నడవండి. వాసన చూడటానికి దగ్గరకు వెళ్ళాలంటే, ముందే ఒంటికి పోసుకున్న కుక్కనే పంపండి.

విజయనగరం కోట ఒక్కో వైపు దాదాపు 240 మీటర్లు. నాలుగు వైపులా కలిపితే కిలోమీటరుకు కాస్త తక్కువ. మనిషికి పావుగంట నడక. మల్లికి ఒక్క వైపు నడవడానికే అరగంట పడుతుంది, అంతటితో ఆపేస్తాం. నగారాఖానా ద్వారం ముందు కాసేపు నిలబడతాను. ఒకప్పుడు దానిమీద నగారాలు మోగేవి. అప్పటికి ఇంకా బస్సుల హారన్లు మొదలవవు. ఏడు దాటాక మాత్రం గంటస్తంభం వైపు వెళ్ళను. 1885లో కట్టిన ఆ ఎనిమిది పలకల స్తంభం ఎంత అందమైనదైనా, చుట్టూ ఉన్న బజారు రద్దీ కుక్కను బెదరగొడుతుంది.

గట్టు మీద ఎదురొచ్చే వాళ్ళతో మర్యాద సంగతి. దూరం నుంచే తాడు కురచ చేసి, కుక్కను మీకు అవతలి వైపు నడిపించండి. "ఏమీ చెయ్యదండీ" అని అరవడం కన్నా పక్కకు తప్పుకుని నిలబడటం మంచిది. గుడికి స్నానం చేసి వెళ్ళేవాళ్ళూ, కుక్కంటే చిన్నప్పటి భయం ఉన్నవాళ్ళూ ఉంటారు. పిల్లలు పరిగెత్తుకొస్తే, "ముందు చెయ్యి వాసన చూడనివ్వు నాన్నా, తర్వాత మెడ కింద నిమురు" అని చెప్పండి. తలమీద చెయ్యి వేస్తే చాలా కుక్కలకు నచ్చదు.

వీధికుక్కలు ఎదురైతే మాత్రం నిబ్బరం కావాలి. వాటి పేట అది, మనమే పరాయివాళ్ళం. పరిగెత్తొద్దు, రాయి ఎత్తొద్దు. మీ కుక్కకూ వాటికీ మధ్య మీరు నిలబడి, గొడుగు వాటివైపు పెట్టి ఒక్కసారి టప్పున విప్పండి. ఎదురుగా గోడ మొలిచినట్టు అనిపించి చాలామట్టుకు ఆగిపోతాయి. గొడుగు అలాగే పట్టుకుని మెల్లిగా వెనక్కి నడిచి, వాటి హద్దు దాటండి. ఇంట్లో మీ కుక్కకు గొడుగు చప్పుడు ముందే అలవాటు చేయాలి, లేకపోతే అదే ముందు పారిపోతుంది. మిమ్మల్ని కరిస్తే పావుగంటసేపు సబ్బూ పారే నీళ్ళతో గాయం కడిగి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టండి. మీ కుక్కను కరిస్తే, టీకాలు వేసినదే అయినా, అదేరోజు పశువైద్యుడికి చూపించండి.

తోటల్లో దూడతో ఉన్న ఆవుకూ గేదెకూ దూరంగా ఉండండి. కుక్కను చూస్తే అవి కుమ్మడానికి వస్తాయి. నిజంగా మీదికొస్తే ఆ ఒక్కసారి తాడు వదిలేయండి. కుక్క మనకన్నా వేగంగా తప్పుకుంటుంది, పశువు దానివెంట పోతుంది, మీరు పక్కకు తప్పుకోవచ్చు.

ఇప్పుడు "వదిలెయ్" సంగతి. పాత తోటల్లో పూజకోసం నాటిన గన్నేరు తప్పక ఉంటుంది. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, నేరుగా గుండెకు దెబ్బ. పచ్చగన్నేరు కాయ ఇంకా ప్రమాదం. ఉమ్మెత్త, ఆముదం గింజలు కూడా అంతే. మామిడితోటలో టెంక మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా పోవచ్చు. జీడితోటలో పచ్చి జీడిగింజ కొరికితే పెచ్చులోని జీడి నోరంతా పొక్కిస్తుంది. ఏది నోట్లో పెట్టుకున్నా "వదిలెయ్" అనగానే వదిలితే గుడ్డుముక్క బహుమతి ఇవ్వండి. మింగేస్తే ఆ ఆకో కాయో ఒకటి సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరకు పరిగెత్తండి. ఏం తిన్నదో తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.

పాత గోడల కన్నాలూ, ఎత్తుగా పెరిగిన గడ్డీ పాములకు ఇళ్ళు. బాట వదలకండి. కాటు పడితే తాడు బిగించి కట్టడం, కోయడం లాంటివి చేయకండి. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చండి.

దొడ్డికి వెళ్తే క్యారీ బ్యాగు చేతికి తొడుక్కుని ఎత్తి, తిరగేసి ముడివేసి చెత్తకుండీలో వేయండి. మట్టిలో కలిసిపోతుందిలే అనుకోవద్దు. అందులో కొంకిపురుగు గుడ్లుంటే, నేలలో పిల్లలై, చెప్పుల్లేకుండా ఆడే పిల్లల పాదాల చర్మంలోంచి లోపలికి దూరతాయి. మనవాళ్ళు గడ్డి మీద కూర్చుని పులిహోర తినే చోటు అది.

వంతులు వేసుకుని చూడటం

లోపల చూడాల్సినవి ఉన్న చోటికి ఇద్దరు పెద్దవాళ్ళు తప్పనిసరి. శాలిహుండానికి మా తమ్ముడూ నేనూ వెళ్ళినప్పుడు, నేను కింద చెట్టునీడలో మల్లితో కూర్చున్నాను, వాడు పైకెక్కి చూసొచ్చాడు. తర్వాత వంతులు మార్చుకున్నాం. కుక్కను చెట్టుకు కట్టేసి ఇద్దరూ వెళ్ళడం గానీ, కారులో వదిలి అద్దాలు కాస్త దించి వెళ్ళడం గానీ ఎప్పుడూ చేయకండి. ఆగిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది.

అక్కడి నుంచి కళింగపట్నం దగ్గరే, వంశధార సముద్రంలో కలిసే చోటు. చల్లటి ఇసుక మీద మల్లి నడక అక్కడే. జనవరి నుంచి మార్చి దాకా మాత్రం తాడు మరింత కురచగా పట్టుకుంటాను. సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టే కాలం అది, కుక్క ముక్కుకు ఆ గుంతలు ఇట్టే దొరుకుతాయి.

ఇంటికొచ్చాక

తువ్వాలు తడిపి పాదాలు, పొట్ట తుడవండి. తర్వాత వెలుతురులో కూర్చోబెట్టి ఒళ్ళంతా వేళ్ళతో తడమండి. చెవుల లోపల, చంకల్లో, తోక మొదట్లో, ముఖ్యంగా వేళ్ళ సందుల్లో. పిడుదు మొదట ఆముదం గింజంత కూడా ఉండదు, నువ్వుగింజలా చేతికి తగులుతుంది. పటకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా తిన్నగా లాగండి. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు. వేళ్ళ సందుల్లోనే పల్లేరు ముళ్ళు కూడా దిగుతాయి. మల్లి పాదం వెనక్కి లాక్కుంటే ముల్లుందని నాకు తెలుస్తుంది. దూదిని ఉప్పునీళ్ళలో ముంచి ఆ చోట అద్ది, ముల్లు తీస్తాను. అది నా మణికట్టు నాకుతూ ఓపిగ్గా ఉంటుంది.

ఆ తర్వాత రెండు మూడు వారాల్లో ఎప్పుడైనా కుక్క తిండి మానేసినా, ఒళ్ళు కాలుతున్నా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కునుంచి రక్తం వచ్చినా పిడుదుల జ్వరం కావచ్చు. ఫలానా తేదీన ఫలానా తోటకు వెళ్ళామని డాక్టర్‌కు చెప్పండి. నేను క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కన చోటు పేరూ, దొరికిన పిడుదుల లెక్కా రాసి పెట్టుకుంటాను. ఎక్కువ దొరికిన తోటకు వానలు తగ్గేదాకా మళ్ళీ వెళ్ళం.